దిగిన విమానాన్ని మళ్లీ దించిన నేరం

సుముహూర్త ఎయిర్‌లైన్స్ వారి రోహిణి విమానం ఆలస్యంగా దిగడం మానేసి నాలుగు నెలలైంది. దాని ఎడమవైపు ఎత్తు కొలిచే పెట్టె చెడిపోయి కూడా నాలుగు నెలలే అయింది. ఈ రెండు సంగతులకూ సంబంధం ఉందని ఇంజినీర్లు అనేవారు. లేదని సంస్థ అనేది. ఉంటే అంతకంటే మంచి సంబంధం మరొకటి దొరకదని మేనేజింగ్ డైరెక్టర్ భగీరథ ప్రసాద్ గారు అనేవారు.

నిబంధనల విభాగం డిప్యూటీ మేనేజర్ వైకుంఠరావు మాత్రం ఏమీ అనేవాడు కాదు. అతనికి మాట్లాడడం కంటే రాయడం అలవాటు. ఎవరైనా వచ్చి "మీరేమనుకుంటున్నారు?" అని అడిగితే, అనుకోవడం తన విభాగం కిందికి రాదన్నట్టు కళ్లజోడు తుడుచుకునేవాడు.

సంస్థ పేరు ఊరికే పెట్టింది కాదు. మన జనం దేన్నైనా క్షమిస్తారు గానీ ముహూర్తం తప్పితే క్షమించరని ఎండీ గారు సంస్థ పెట్టిన రోజే కనిపెట్టారు. అందుకని నాలుగు విమానాలకూ నక్షత్రాల పేర్లు పెట్టారు: రోహిణి, పుష్యమి, హస్త, స్వాతి. "చెప్పిన ముహూర్తానికి నేల మీద" అని తోకల మీద రాయించారు. విమానం నేలను తాకగానే లోపల స్పీకర్లలో గట్టిమేళం మోగేది. ఎయిర్‌హోస్టెస్‌లు ముందే పొట్లాలు కట్టి ఇచ్చిన అక్షింతల్ని ప్రయాణికులు ఒకరి మీద ఒకరు చల్లుకునేవారు. సరిగ్గా అదే క్షణాన రాజధానిలోని హెడ్డాఫీసు బోర్డు మీద 'దిగినది' అని పచ్చదీపం వెలిగేది. జనానికి ఇది తెగ నచ్చింది. పోటీ సంస్థ వారు కొబ్బరికాయ కొట్టే పద్ధతి పెడదామని చూశారు గానీ, విమానంలోకి కొబ్బరికాయ తేనివ్వకపోవడంతో ఆ ఆలోచన గేటు దగ్గరే ఆగిపోయింది.

మొదట్లో గట్టిమేళం బొత్తాన్ని పైలట్లే నొక్కేవారు. ఒకాయన రన్‌వే కనబడగానే నొక్కేవాడు. ఇంకొకాయన బ్రేకు వేసి, చెమట తుడుచుకుని, అప్పుడు నొక్కేవాడు. ఎవరి విమానం ఎప్పుడు దిగిందన్న దాని మీద రోజూ తగాదా. ఆ తగాదా తీర్చడానికి వైకుంఠరావు మూడు రోజులు కూర్చుని పద్నాలుగో నిబంధన రాశాడు. "విమానము నేలను చేరినదా లేదా అను విషయమున పరికరమునకును మనుష్యునకును అభిప్రాయభేదము కలిగినచో, పరికరము మాటయే అంతిమము." కింద చిన్న అక్షరాల్లో కారణం కూడా రాశాడు: పరికరమునకు బంధువులు లేరు. ఎండీ గారు ఈ వాక్యం చదివి లేచి నిలబడి కరచాలనం చేశారు. వైకుంఠరావు సర్వీసులో అదొక్కటే కరచాలనం. ఆ రోజు అతను ఇంటికెళ్లి భోంచేసేటప్పుడు కుడిచెయ్యి కడుక్కోవడానికి కాసేపు తటపటాయించాడు.

నిబంధన ప్రకారం గట్టిమేళాన్ని పైలట్ చేతిలోంచి తీసి ఎడమ పెట్టెకు కలిపారు. విమానం కడుపు కింద అలాంటి పెట్టెలు రెండుంటాయి. నేలకేసి రేడియో తరంగాన్ని వదలడం, అది తిరిగి రావడానికి ఎంతసేపు పట్టిందో చూసి నేల ఎంత దూరంలో ఉందో చెప్పడం వాటి పని. ఎడమది చెప్పేది కెప్టెన్ ముందు కనబడుతుంది, కుడిది చెప్పేది కో-పైలట్ ముందు. ఇంజిన్ల జోరు చూసుకునే యంత్రం మాత్రం ఎడమదాని మాటే వింటుంది. ఎడమది "నేల వచ్చేసింది" అంటే చాలు, ఇంజిన్లను నెమ్మది చేసేస్తుంది. కుడిదాన్ని మాటవరసకైనా అడగదు.

రోహిణి ఎడమ పెట్టెకు పట్టిన జబ్బేమిటంటే, దిగడానికి చక్రాలు కిందికి వేయగానే అది ఉన్నట్టుండి మైనస్ తొమ్మిది అడుగులని చూపించేది. విమానం అప్పటికి ఇంకా రెండు వేల అడుగుల ఎత్తున, జీడితోటల మీద ఉండేది. పెట్టె లెక్కన అది నేల దాటి తొమ్మిదడుగులు లోపలికి వెళ్లిపోయింది. వెంటనే గట్టిమేళం మోగేది, అక్షింతలు పడేవి, హెడ్డాఫీసులో పచ్చదీపం వెలిగేది. రోహిణి మళ్లీ ముందే దిగిందని ఎండీ గారు గదిలో ఒంటరిగా చప్పట్లు కొట్టేవారు.

ఇంజినీరు మస్తాన్ వలీ నెల్లూరు మనిషి. పెట్టె చెడిపోయిందనీ, మార్చాలనీ, కొత్తది స్టోర్సులోనే ఉందనీ మొదటి వారమే రాశాడు. దానికి ఎండీ గారి కార్యాలయం నుంచి ఒకే వాక్యం జవాబుగా వచ్చింది. "రోహిణి చెడిపోయినచో అన్నింటికంటె ముందుగా ఎట్లు దిగుచున్నది?"

మస్తాన్ వలీ ఆ కాగితాన్ని రెండుసార్లు తిరగేసి చూశాడు. వెనకవైపు ఏమైనా ఉందేమోనని.

తర్వాతి నెల ఇంకో ఉత్తర్వు వచ్చింది. ఎండీ గారు చెప్పగా వైకుంఠరావు రాసినది. పుష్యమి, హస్త, స్వాతి విమానముల పనితీరు రోహిణితో పోల్చిన నిరాశాజనకముగా నున్నందున, ఆ మూడింటిని రోహిణి ప్రమాణమునకు తీసుకురావలెను.

మస్తాన్ వలీ నూనె చేతులతోనే నిబంధనల విభాగానికి వచ్చేశాడు. "ఏంది సార్ ఇది? బాగున్న మూడింటినీ చెడగొట్టమంటారా?"

"చెడగొట్టమని ఎక్కడా రాయలేదు," అన్నాడు వైకుంఠరావు. "సమానం చేయమని రాశాను."

"సమానం ఎట్టా చేసేది? మంచి పెట్టెలు పీకి చెడ్డవి పెట్టాలా? చెడ్డ పెట్టెలు యాడ దొరకతాయి సార్ బజార్లో?"

"టెండరు పిలవొచ్చు."

మస్తాన్ వలీ అతని మొహంలోకి చూశాడు. నవ్వు కోసం వెతికాడు. అక్కడ కళ్లజోడు తప్ప ఏమీ లేదు. "నేను బాగు చెయ్యమంటే చేస్తా. ఇది నా చేత కాదు సార్," అని వెళ్లిపోయాడు. ఆ ఉత్తర్వు అమలు చేయడంలో జాప్యానికి సంజాయిషీ కోరుతూ అతనికి మెమో వెళ్లింది.

కుడి పెట్టె మాత్రం నిజమే చెబుతూ వచ్చింది. ఎడమది మైనస్ తొమ్మిది అన్నప్పుడల్లా పక్కనే నిలబడి రెండు వేలు అనేది. దీన్ని సంస్థ క్రమశిక్షణారాహిత్యంగా పరిగణించింది. సిబ్బంది మనోబలం దృష్ట్యా కుడి పెట్టె అంకెల మీద నల్ల కాగితం అంటించారు.

ఇన్నాళ్లూ రోహిణిని నడిపిన పైలట్లు గట్టిమేళం మోగగానే ఇంజిన్ల యంత్రాన్ని గుట్టుగా ఆపేసి, చేత్తో కిందికి తెచ్చుకుని, ఎవరికీ చెప్పకుండా ఇంటికి వెళ్లిపోయేవారు. చక్రాలు నిజంగా నేలను తాకిన వేళ ఎవరూ ఎక్కడా రాసేవారు కాదు. రాసింది ఒక్క కెప్టెన్ నూకరత్నం. ఆవిడది విజయనగరం వైపు. ఇరవయ్యేళ్లుగా విమానాలు నడుపుతోంది. ఒకరోజు కొత్తరేవు విమానాశ్రయంలో దిగాక విమానం పుస్తకంలో 'గట్టిమేళం 10.05, నేల 10.09' అని రాసి సంతకం పెట్టింది.

హెడ్డాఫీసు కంప్యూటరు దాన్ని మింగలేకపోయింది. మధ్యలో పైకి లేవకుండా ఒకే విమానం రెండుసార్లు ఎలా దిగుతుంది? అది ఎర్రదీపం వెలిగించి మొరాయించింది. కంప్యూటరు కష్టపెట్టుకుంటే సంస్థలో ఎవరూ చూడలేరు. మర్నాటికల్లా నూకరత్నం మీద అభియోగం తయారైంది. దిగిన విమానాన్ని అనుమతి లేకుండా మళ్లీ దించుట. విచారణాధికారి వైకుంఠరావు. నేరం రుజువైతే ఉద్యోగం పోతుంది. లైసెన్సు మీద మచ్చ పడితే ఇంకే సంస్థా ఆవిణ్ని తీసుకోదు.

విచారణ గదిలో ఏసీ గట్టిగా పనిచేస్తోంది. నూకరత్నం పైట భుజం చుట్టూ కప్పుకుని కూర్చుంది. డ్యూటీ లేదు కాబట్టి ఆ రోజు చీరలో వచ్చింది.

"కెప్టెన్ గారూ, రోహిణి పది గంటల అయిదు నిమిషాలకు దిగింది. అంగీకరిస్తారా?" అన్నాడు వైకుంఠరావు.

"లేదండి. పదీ తొమ్మిదికి దిగింది."

"అది రెండోసారి. నేను మొదటిసారి గురించి అడుగుతున్నాను."

"మొదటిసారి దిగలేదు కదండీ. మేళం మోగింది. మేళం మోగితే పెళ్లయిపోద్దేటండి, తాళి కట్టకండా?"

వైకుంఠరావు రాసుకోలేదు. నిందితుల హాస్యాన్ని నమోదు చేయడానికి ఫారంలో చోటు లేదు. "ఆ నాలుగు నిమిషాలు మీరు ఎక్కడున్నారు?"

"గాల్లో."

"అనుమతితోనా?"

ఆవిడ అతనికేసి చూసింది. కోపం కాదు. నీళ్లు లేని కుళాయి తిప్పినప్పుడు మనిషి దానికేసి చూసే చూపు. "అయ్యా, మీకు అర్థమయ్యేటట్టు చెప్తాను. ఆ ఎడం పెట్టి మనం నేల్లో కూరుకుపోయేమంటాది. ఇంజిన్ల యంత్రం దాని మాట నమ్మేసి, దిగిపోయేం కదా అని జోరు తీసేస్తాది. ఇటు ఆటోపైలట్‌కి ఆ సంగతి తెల్దు. దారి తప్పకూడదని ముక్కు పైకెత్తుకుంటా పోద్ది. ఎత్తేకొద్దీ స్పీడు పడిపోద్ది. స్పీడు పడిపోతే రెక్కలు విమానాన్ని మొయ్యవు. ఒగ్గేస్తాయి. రాయి పడినట్టు పడతాం. నేను చెయ్యి వెయ్యకపోతే ఆ వేళ నూట నలభైమంది జీడితోటలో ఉందురు."

"మొదట్లో గమనించలేదా?"

"గమనించడం కష్టమండి. దిగేటప్పుడు జోరు తగ్గించడం మామూలే కదా. అది మామూలుగా తగ్గుతందో, పిచ్చెత్తి తగ్గుతందో చూపుకి ఒకలాగే ఉంటాది. స్పీడు ముల్లు మీద కన్ను ఉంటేనే తెలుస్తాది."

వైకుంఠరావుకి లోపలెక్కడో చల్లగా తగిలింది. ఏసీ అనుకున్నాడు. "పరికరం నేల అన్నప్పుడు నేల కాదని మీకెలా తెలిసింది?"

"కిటికీలోంచి చూసేనండి."

"కిటికీ పరికరం కాదు," అన్నాడతను. ఆ మాట అన్నాక అది ఎంత చక్కగా ఉందో గమనించి, నోట్సులో రాసుకున్నాడు.

అప్పుడే ఎండీ గారు లోపలికి వచ్చారు. ఆయన ఏ గదిలోకి వచ్చినా అది ప్రారంభోత్సవంలా ఉంటుంది. "అమ్మా నూకరత్నం, నువ్వు మంచి పైలట్‌వి. కాదనను. కానీ నీలో నమ్మకం లోపించింది. ఒక సంస్థ అన్నాక యంత్రం మనిషిని నమ్మాలి, మనిషి యంత్రాన్ని నమ్మాలి. రోహిణి నేల మీద ఉన్నానంటోంది. నువ్వు లేవంటున్నావు. ఎంత నొచ్చుకుంటుందది?"

"నొచ్చుకుంటే నొచ్చుకోనీండి సార్. పడిపోకుండా ఉంటే చాలు."

"ఇదిగో, ఈ నిరాశావాదమే వద్దంటున్నాను." ఆయన వైకుంఠరావు వైపు తిరిగారు. "ఆదివారం కొత్తరేవులో మనకి సమయపాలన పురస్కారం ఇస్తున్నారు. ఆ పురస్కారం ఇచ్చే సంఘం అధ్యక్షులతో కలిసి నేనూ రోహిణిలోనే వెళ్తున్నాను. దిగిన క్షణంలోనే, విమానంలోనే, అక్షింతల మధ్య జ్ఞాపిక అందుకుంటాను. మిగతా కెప్టెన్లందరికీ ఆదివారానికి జ్వరాలట. కాబట్టి ఈవిడే నడపాలి. మీరు కాక్‌పిట్‌లో వెనక సీట్లో కూర్చోండి. విమానం ఒక్కసారే దిగేటట్టు చూసే బాధ్యత మీది. నివేదిక కూడా అక్కడే రాసెయ్యండి. గట్టిమేళం తర్వాత ఈవిడ చేతులు ఒళ్లో ఉంటే క్షమిద్దాం. లేకపోతే తొలగిద్దాం."

నూకరత్నం లేచి నిలబడింది. "సార్, మీరు కూడా అందులోనే ఉంటారా?"

"ముందు వరసలో!"

"మంచిదండి," అని ఆవిడ వెళ్లిపోయింది.

ఆదివారం ఉదయం ఆకాశం కడిగినట్టుగా ఉంది. వైకుంఠరావు ఎప్పుడూ కాక్‌పిట్‌లో కూర్చోలేదు. అసలు పద్నాలుగో నిబంధన రాసేటప్పటికి అతను విమానం ఎక్కింది ఒక్కసారే, అదీ దారంతా నిద్రపోయాడు. ఇప్పుడు నూకరత్నం వెనకాల, కో-పైలట్ ఫ్రాన్సిస్ పక్కగా, చిన్న మడత సీట్లో బెల్టు బిగించుకుని, ఒళ్లో నివేదిక ఫైలు పెట్టుకుని కూర్చున్నాడు. తెల్లటి అంకెలు, పచ్చటి గీతలు, వందల బొత్తాలు. పూజగదిలో చెప్పులతో నిలబడ్డట్టు కాళ్లు దగ్గరికి లాక్కున్నాడు.

కొత్తరేవు దగ్గర పడింది. ఎడమవైపు సముద్రం, కుడివైపు జీడితోటలు. నూకరత్నం రెక్కల పలకలు దించమంది. చక్రాలు వేయమంది. ఫ్రాన్సిస్ వేశాడు. కింద ఏదో దడదడమని తెరుచుకుంది. వెంటనే ఎడమ అంకె ఒక్కసారి మినుకుమని మైనస్ తొమ్మిది అయింది.

డోలూ సన్నాయీ ఒక్కపెట్టున లేచాయి. తలుపు అవతల జనం కేరింతలు కొట్టారు. "దిగిపోయాం, దిగిపోయాం" అని ఎవరో పిల్లల్ని లేపుతున్నారు. మన జనం అలవాటు ప్రకారం బెల్టులు విప్పేసుకుని, పైన అరల్లోంచి సంచులు దింపేసుకుంటున్న చప్పుడు వినబడింది. మైకులో ఎండీ గారి గొంతు మొదలైంది. "ఈ శుభ ముహూర్తాన, నేల తల్లి ఒడిలో..."

వైకుంఠరావు కిటికీలోంచి చూశాడు. నేల తల్లి చాలా దూరంలో ఉంది. జీడిచెట్లు కొత్తిమీర కట్టల్లా ఉన్నాయి. ఒక రోడ్డు, దాని మీద చీమంత లారీ.

అప్పుడతను ఒక విచిత్రం చూశాడు. పైలట్లిద్దరి మధ్యా ఉన్న జోరు మీటలు ఎవరూ ముట్టుకోకుండానే, వాటంతట అవే వెనక్కి జరుగుతున్నాయి. ఇంజిన్ల హోరు మెల్లగా సన్నగిల్లింది. ఆ నిశ్శబ్దంలో సన్నాయి ఇంకా స్పష్టంగా వినిపించింది.

నూకరత్నం చేతులు ఒళ్లో పెట్టుకుంది. కానీ కళ్లు స్పీడు ముల్లు మీదే ఉన్నాయి.

"సార్," అంది వెనక్కి తిరక్కుండా, "నిబంధన ప్రకారం మనం దిగిపోయేమా?"

"ప... పచ్చదీపం వెలిగి ఉంటుంది."

"అయితే మరి దిగండి."

"ఏమిటీ?"

"దిగిపోయేం కదా. పెద్దవారు, మీరు ముందు దిగండి. ఫ్రాన్సిస్, సార్‌కి దారియ్యి."

ఫ్రాన్సిస్ నవ్వలేదు. అతని వేలు కూడా స్పీడు ముల్లు వైపే చూపిస్తోంది. "మేడమ్, తగ్గుతోంది."

విమానం ముక్కు మెల్లగా పైకి లేస్తోంది. వైకుంఠరావు వీపు సీటుకి ఆనింది. ఎదుటి అద్దంలోంచి నేల జారిపోయి ఆకాశం ఒక్కటే మిగిలింది. దిగుతున్న విమానానికి ఎదురుగా ఆకాశం ఎందుకుందో ఏ నిబంధనలోనూ లేదు. ఒళ్లో ఫైలు, ఫైల్లో ఫారం, ఫారంలో 'గట్టిమేళము అనంతరము కెప్టెన్ చేతులు' అన్న గడి. ఒక్క మాట అంటే ఆ గడి చెడిపోతుంది. ఎండీ గారి కరచాలనం చెడిపోతుంది. తన పద్నాలుగో నిబంధన చెడిపోతుంది.

కెప్టెన్ ముందున్న స్టీరింగు కర్ర, రెక్కలు ఇక మొయ్యలేవని హెచ్చరిస్తూ, ఉన్నట్టుండి చలిజ్వరం వచ్చినట్టు గజగజా వణకడం మొదలుపెట్టింది.

"దించమ్మా!" అని అరిచాడు వైకుంఠరావు. "నీకు దండం పెడతాను, దించు!"

ఆ మాట అతని నోట్లోంచి పూర్తిగా వచ్చేసరికే పని సగం అయిపోయిందని అతను తర్వాత గ్రహించాడు. కర్ర వణికిన క్షణమే ఆవిడ చెయ్యి మీటల మీద ఉంది. అతని అనుమతి కోసం ఆవిడ ఆగనేలేదు. మీటల్ని ముందుకు తోసింది. ఇంజిన్లు ఒళ్లు విరుచుకునేంతలో ఆ యంత్రం మళ్లీ వాటిని వెనక్కి లాగబోయింది. దిగిపోయాం కదా అని దాని పట్టుదల. ఆవిడ బొటనవేలితో ఒక బొత్తాం నొక్కి దాని నోరు మూయించింది. ముక్కు కిందికి దించింది. ఆకాశం పోయి, జీడితోట అద్దం నిండా వచ్చింది. ఇప్పుడవి కొత్తిమీర కట్టల్లా లేవు. ఆకులు కనబడుతున్నాయి. చెట్టు కింద చాప మీద పడుకున్న మనిషి లేచి పరిగెత్తడం కనబడింది.

"స్పీడు వస్తోంది," అన్నాడు ఫ్రాన్సిస్. "వస్తోంది, వస్తోంది, వచ్చింది."

విమానం పొట్టలో పిడిగుద్దు తిన్నట్టు మూలిగి, పైకి లేచింది. తలుపు అవతల సంచులు, మనుషులు, జ్ఞాపిక, మైకు అన్నీ కలిసి వెనక్కి దొర్లిన చప్పుడు. గట్టిమేళం మాత్రం ఆగలేదు. ఎడమ పెట్టె ఇంకా నేల్లోనే ఉంది.

నూకరత్నం కుడి పెట్టె మీది నల్ల కాగితాన్ని గోటితో పీకి పారేసింది. ఒక చుట్టు తిరిగి వచ్చి, కిటికీలోంచి చూస్తూ, ఆ అంకెలు ఫ్రాన్సిస్ పైకి చదువుతుండగా, చేత్తో దించింది. చక్రాలు నేలను తాకినప్పుడు మేళమూ లేదు, అక్షింతలూ లేవు. టేపు అప్పటికి అయిపోయింది.

"ఇదండి నేలంటే," అందావిడ.

వీఐపీ గదిలో ఎండీ గారి జుట్టు నిండా అక్షింతలున్నాయి. ఖాళీ అయిపోయిన కాఫీ కప్పునే ఆయన మళ్లీ మళ్లీ నోటికి ఎత్తుకుంటున్నారు. పురస్కార సంఘం అధ్యక్షుల నుదుటి మీద నిమ్మకాయంత బొప్పి కట్టింది. ఆయన దాన్ని తడుముకుంటూ, "ఇంత ముందుగా దిగిన విమానాన్ని నా అనుభవంలో చూడలేదు," అని మెచ్చుకున్నారు.

వైకుంఠరావు ఎండీ గారిని పక్కకి పిలిచాడు. "సార్, ఆ పెట్టె మార్చాలి. గట్టిమేళం మోగినప్పుడు మనం గాల్లో ఉన్నాం."

"ఎవరన్నారు?"

"నేను చూశానండి. నా కళ్లతో."

ఎండీ గారు అతన్ని జాలిగా చూశారు. "మీరు పరికరమా?"

వైకుంఠరావు రాసిన వాక్యమే తిరిగి వచ్చి అతని ఎదురుగా నిలబడింది. సంస్థలో అందరి నోళ్లూ మూయించిన వాక్యం అది. ఇన్నాళ్లూ అవతలి వైపు నుంచి చూడలేదు.

"పచ్చదీపం వెలిగింది. పురస్కారం వచ్చింది," అన్నారు ఎండీ గారు. గొంతు తగ్గించారు. "చూడండి, ఏదో కుదుపు వచ్చింది, నేను కాదనను. కానీ పెట్టె మారిస్తే రోహిణి కూడా మిగతావాటిలాగే ఆలస్యంగా దిగుతుంది. అప్పుడు ఈ షీల్డు ఏ మొహంతో పెట్టుకోను? మీ జీఎం ప్రమోషన్ కాగితం కూడా నా బల్ల మీదే ఉంది. నివేదిక ఆలోచించి రాయండి."

నూకరత్నం బయట వరండాలో, టోపీ ఒళ్లో పెట్టుకుని, స్టీలు గ్లాసులో టీ తాగుతోంది. అతన్ని చూసి లేవబోయి మానేసింది.

"తీసేస్తున్నారేటండి నన్ను?"

"ఇంకా రాయలేదు."

"తీసేస్తే తీసేయండి. ఎక్కడో చోట పిల్లలకి పాఠాలు చెప్పుకుంటాను. గానీ ముందు ఆ పెట్టి మార్పించండి. నా తరవాత ఆ సీట్లో కూర్చున్నోడు మీ రూలు చదివేసి చేతులు ఒళ్లో పెట్టుకునే రకమైతేనో?"

ఆ ప్రశ్న వైకుంఠరావు లోపల దిగబడిపోయింది. కొత్తరేవు విమానాశ్రయం వరండాలోనే, ఫైలు మోకాలి మీద పెట్టుకుని, అతను ఆ పూటంతా ఆలోచించాడు. పెట్టె చెడిపోయిందని రాస్తే ప్రమోషన్ పోతుంది. నూకరత్నాన్ని తీసేయమని రాద్దామంటే చెయ్యి రావడం లేదు. ఆ జీడిచెట్టు కిందినుంచి లేచి పరిగెత్తిన మనిషి కళ్లల్లోంచి పోవడం లేదు. చివరికి తనకు తెలిసిన ఒకే ఒక్క పని చేశాడు. పదిహేనో నిబంధన రాశాడు.

"విమానము దిగిన తరువాత దానిని నేల వరకు తీసుకొనిపోవు బాధ్యత కెప్టెన్‌ది. దీనిని దిగుటగా పరిగణింపరాదు. ఇది దిగుట అనంతర సేవ."

ఎండీ గారు చదివి లేచి నిలబడ్డారు. అతని సర్వీసులో రెండో కరచాలనం జరిగింది. రికార్డు నిలిచింది. పురస్కారం నిలిచింది. దిగుట అనంతర సేవ అందించినందుకు నూకరత్నం మీద అభియోగం ఎత్తేశారు. పైగా ఆ సేవ దేశంలో మరే సంస్థలోనూ లేదని పేపర్లలో ప్రకటన కూడా వేశారు. రెండు నెలల్లో పుష్యమి, హస్త, స్వాతి కూడా రోహిణి ప్రమాణానికి చేరాయి. ఆ పనికి మస్తాన్ వలీ ససేమిరా అన్నాడు. అందుకని అతన్ని స్టోర్సుకి బదిలీ చేసి, బయటి కాంట్రాక్టరును పెట్టారు. ఇప్పుడు నాలుగు విమానాల్లోనూ గట్టిమేళం మోగగానే ఎయిర్‌హోస్టెస్ తియ్యటి గొంతుతో చెబుతుంది. "ప్రయాణికులకు శుభాకాంక్షలు. మనం క్షేమంగా దిగాం. నేల వచ్చేవరకు దయచేసి బెల్టులు విప్పకండి."

ఎవరూ ఏమీ అనుకోరు. అలవాటైపోయింది.

వైకుంఠరావు జనరల్ మేనేజర్ అయ్యాక, స్టోర్సు నుంచి మస్తాన్ వలీ రాసిన కాగితం ఒకటి అతని బల్ల మీదికి వచ్చింది. కొత్త పెట్టెలు నాలుగూ సిద్ధంగా ఉన్నవి, అనుమతిస్తే ఒక్క పూటలో బిగిస్తాను అని. ఎండీ గారిని అడగనక్కర్లేదు. ఇప్పుడా సంతకం తనదే. వైకుంఠరావు కలం మూత తీశాడు. గోడ మీద సమయపాలన షీల్డు మెరుస్తోంది. దాని కింద తన పేరుపలక, కొత్తది. అతను కాసేపు కళ్లజోడు తుడుచుకున్నాడు. తర్వాత కాగితం మూలన 'అధ్యయనము చేయవలెను' అని రాసి ట్రేలో పెట్టాడు.

సాయంత్రం మెట్ల దగ్గర నూకరత్నం ఎదురైంది. ఆవిడకి అప్పటికే తెలిసినట్టుంది. "రూలు బాగానే రాసేరండి. పెట్టి మాటేటి?"

"అధ్యయనంలో ఉంది."

"అదృష్టం దానిదండి," అందావిడ. "అధ్యయనంలో ఉన్నోళ్లెవరూ కింద పడరు." టోపీ పెట్టుకుని డ్యూటీకి వెళ్లిపోయింది. రోహిణి మీదికే.

ఆ వేసవిలో వైకుంఠరావుకి కొత్తరేవులో బంధువుల పెళ్లి తగిలింది. జీఎం హోదాలో అతనికీ భార్యకీ విమానం టికెట్లు ఉచితం. భార్య పట్టుచీర మడత పెడుతూ, "మన విమానంలోనే కదా?" అంది. వైకుంఠరావు బజారుకి వెళ్లి రైలు టికెట్లు కొనుక్కొచ్చాడు.

ఏసీ బోగీలో ఎదుటి బెర్తు మీద, దుప్పటి గడ్డం దాకా కప్పుకుని, భగీరథ ప్రసాద్ గారు కూర్చుని ఉన్నారు.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఒకరినొకరు అడగలేదు. ఆయన కాళ్లు కొంచెం జరుపుకున్నారు. ఈయన కూర్చున్నాడు. రైలు ఏదో చిన్న స్టేషన్‌లో ఆగి, ఎంతకీ కదలకుండా అలాగే ఉండిపోయింది. కిటికీలోంచి ప్లాట్‌ఫారం మీది గులకరాళ్లు ఒక్కొక్కటీ లెక్కపెట్టగలిగేంత దగ్గరగా కనబడుతున్నాయి.

చాలాసేపటికి వైకుంఠరావు భార్య ఉండబట్టలేక అంది, "పెళ్లి ముహూర్తం దాటిపోతుందేమోనండీ. గంటన్నర లేటు."

ఎండీ గారు కిటికీలోంచి ఆ గులకరాళ్లకేసి ప్రేమగా చూస్తూ, "పర్లేదమ్మా," అన్నారు. "తొందరేముంది?"